ముందే పెట్టిన టిక్కులు

గల్ఫ్‌లో, మఫ్రఖ్‌లోని ఆ కార్మికుల క్యాంపులో భూమేశ్‌ను అందరూ 'ఫైరింజన్' అని పిలిచేవారు. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చి పదకొండేళ్లు పరంజాలు కట్టినవాడు. మోకాలు పట్టేశాక కంపెనీ అతనికి రెండు రోజుల శిక్షణ ఇప్పించి, ఎర్ర జాకెట్టు తొడిగి, క్యాంపు ఫైర్ వార్డెన్‌ను చేసింది.

ఆ శిక్షణలో చెప్పినదాన్ని అతడు నిజంగానే నమ్మాడు. గది కప్పుకు బిగించిన పొగ డబ్బా పొగను పసిగడితే గేటు దగ్గర అలారం మోగుతుంది. అదే క్షణంలో సివిల్ డిఫెన్స్, అంటే అక్కడి అగ్నిమాపక దళం, కంట్రోల్ రూముకు కబురు అందుతుంది. ఎవరూ ఫోన్ చేయకముందే బండి బయలుదేరుతుంది. బండి దిగిన అధికారి మొట్టమొదట అడిగేది ఒక్కటే: లోపల ఎవరైనా ఉన్నారా? దానికి జవాబు చెప్పడానికే వార్డెన్.

పనిలో చేరిన నెలలోపే అతనికి రోత పుట్టింది. ఏ గదిలో తలెత్తి చూసినా పొగ డబ్బాకు స్నానానికి వాడే ప్లాస్టిక్ టోపీ తొడిగి ఉంది. మెస్సు కూర నోట పెట్టలేక మనవాళ్లు గదుల్లో దొంగచాటుగా కరెంటు పొయ్యి మీద పచ్చిపులుసుకు ఎండుమిర్చి పోపు వేసేవారు. ఆ ఘాటుకు అలారం మోగేది, బండి వచ్చేది, క్యాంపంతా ఎండలో నిలబడేది. రెండుసార్లు అలా జరిగాక క్యాంపు బాస్ అయూబ్, నెల్లూరు మనిషి, పొయ్యిలు తీయించలేదు. అట్టపెట్టెడు టోపీలు తెప్పించి గదికొకటి పంచాడు. తనిఖీ ఉన్న రోజు టోపీలు ఊడేవి, పొయ్యిలు కంపెనీ బస్సెక్కేవి, తనిఖీ ముగిసేదాకా ఆ బస్సు రోడ్ల మీద తిరుగుతూ ఉండేది.

అందరినీ కిందికి దింపి పేరు పేరునా లెక్కపెట్టే డ్రిల్లు నెలనెలా జరగాలి; దానిదీ అదే గతి. అందరి పేర్ల పక్కన టిక్కు పెట్టి ఉన్న జాబితాను అయూబ్ జిరాక్సు తీసి ఉంచుకునేవాడు. భూమేశ్ చేయవలసిందల్లా కింద సంతకం.

"డ్రిల్లు జెయ్యకుండ టిక్కులేంది భాయ్?" అని మొదటిసారి అడిగాడు.

"నీకెందుకబ్బయ్యా ఇదంతా? నైట్ డ్యూటీవోళ్లని లేపి ఎండలో నిలబెడితే నిన్నే తిడతారు. సంతకం పెట్టు, ఖలాస్. లేదంటే ఆ మోకాలితో మళ్లా పరంజా ఎక్కుతావా ఏంది?"

భూమేశ్ పెట్టాడు. ఆ తర్వాత పద్నాలుగు నెలలూ పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. అయూబ్ మీద ఎంత అసహ్యమో, నల్లా కింద ఆ చేతులు చూసుకున్నప్పుడు తన మీద అంతకు రెట్టింపు.

2023 జూన్‌లో ఒకనాడు, పొద్దున పది దాటాక, రెండో అంతస్తు కిటికీలోంచి నల్లటి పొగ వచ్చింది. అలారం మోగలేదు. భూమేశే గోడ మీది అద్దం పగలగొట్టి మీట నొక్కాడు. డ్యూటీ దిగి నిద్రపోతున్నవాళ్లు లుంగీలతో, వట్టి కాళ్లతో కిందికి పరుగెత్తుకొచ్చారు. వచ్చీ రాగానే సగం మంది ఫోన్లెత్తి వీడియోలు తీయసాగారు.

నిమిషాల్లో బండి వచ్చింది. అధికారి దిగుతూనే అడిగాడు: "అందర్ కోయీ హై?"

భూమేశ్ నోరు తెరవకముందే అయూబ్ జాబితా అందించాడు. "సబ్ బాహర్ హై, సర్. దేఖియే, పూరా టిక్." అందరూ బయటే ఉన్నట్టు టిక్కులు, కింద భూమేశ్ సంతకం.

భూమేశ్ గుంపులో ముఖాలు వెతికాడు. 214వ గదిలో ఉండే పోశయ్య లేడు. వరసకు మామ, చెవుల్లో దూది కుక్కుకుని పగలంతా పడుకునే మనిషి.

అయూబ్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "గమ్మునుండు. యాడో దిగే ఉంటాడు. సంతకం నీదబ్బయ్యా, నాది కాదు."

"సాబ్!" భూమేశ్ చెయ్యి విదిలించుకున్నాడు. "యే కాగజ్ ఝూటా హై. దస్తఖత్ మేరా హీ హై." కాగితం అబద్ధమనీ, సంతకం మాత్రం తనదేననీ, టిక్కులు ముందే పెట్టినవనీ, 214లో ఒక మనిషి ఉన్నాడనీ చెప్పాడు.

అధికారి అతని వైపు ఒక్క క్షణం చూశాడు, చెప్పు కింద ఏదో తొక్కినవాడిలా. వెంటనే ఇద్దరిని లోపలికి పంపాడు. ముఖాలకు మాస్కులు బిగించుకుని వెళ్లినవాళ్లు కాసేపటికి పోశయ్యను మోసుకొచ్చారు. ముక్కు నిండా మసి. ఊపిరి ఆడుతోంది. మంట లేచింది అతడు ఆపడం మరచి పడుకున్న పొయ్యి నుంచే. కరిగి గడ్డకట్టిన టోపీ ముద్దను అధికారి సంచిలో వేసుకుని తీసుకెళ్లాడు.

విచారణ తర్వాత అయూబ్ ఉద్యోగం పోయింది. భూమేశ్ జాకెట్టూ పోయింది. స్టోరులో బోల్టులు ఏరే పనిలో పెట్టారు. గదుల్లో పొయ్యిలు తీయించినందుకు క్యాంపంతా తిట్టింది అయూబ్‌ను కాదు, భూమేశ్‌ను.

పదిరోజులకు పోశయ్య దవాఖాన నుంచి తిరిగొచ్చాడు. "పాణం నిలవెట్టినవ్ అల్లుడా," అని చేతులు పట్టుకుని ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని, అటూ ఇటూ చూసి, జేబులోంచి నర్సులు పెట్టుకునే నీలం టోపీ తీశాడు. "దవాఖానల దొరికింది. మన టోపీల కన్న మస్తు గట్టిగుంది. జర ఆ డబ్బాకు తొడుగరాదు? పోపు లేక నాలిక సచ్చిపోయింది."



"సిగ్గున్నదా మామా నీకు?"

భూమేశ్ టోపీ లాక్కుని అడ్డంగా చింపి పారేశాడు. ఆపైన, కుంటుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కి, మిగతా గదుల్లో పొగ డబ్బాలకు మళ్లీ టోపీలు తొడిగారేమో చూడడానికి వెళ్లాడు.