వెనుక అట్ట

వరంగల్ చౌరస్తాలో ఇత్తడి గిన్నెల దుకాణం నడిపే వీరభద్రం నిజాం కాలంలో ఉర్దూలో మెట్రిక్ దాకా చదివినవాడు. తెలుగు అక్షరాలు తెలుసు గాని, ఆ చదువు దుకాణాల బోర్డులు దాటి పోలేదు. రోజూ దీపాలు పెట్టే వేళకు కాశిబుగ్గలోని ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, ఉర్దూ అఖ్బారు విప్పి అందులోని సంగతులు తల్లికి తెలుగులో చెప్పేవాడు. మొగిలమ్మ చింతపండులో గింజలు తీస్తూ "అట్లనా బిడ్డా!" అని ఆశ్చర్యపోయేది. తండ్రి పోయిన ఇంట్లో అతని పెద్దరికమంతా ఆ "అట్లనా" మీదే నిలబడింది.

1958లో శకుంతల కాపురానికొచ్చింది. హన్మకొండ పిల్ల, ఏడో తరగతి దాకా తెలుగులోనే చదివింది. ప్రతి వారం పుట్టింటి నుంచి ఆమెకొక వారపత్రిక వచ్చేది. వీరభద్రం సరుకు కోసం హైదరాబాదు పోయిన రోజున, అత్తకు పొద్దుపోవడం లేదని అందులోని సీరియల్ సగందాకా చదివి వినిపించింది.

మర్నాడు అతను ఎప్పటిలాగే అఖ్బారు విప్పాడు.

"ఇయ్యాల అది ఉండనీ కొడుకా," అంది తల్లి. "ఆ పొల్లను అత్తింటోళ్లు ఎల్లగొట్టిండ్రు. ఏమైందో శకుంతల చదువుతది."

"అవన్ని అబద్ధాలమ్మా. ఎవడో ఇంట్ల కూసోని రాసిన కత."

"నీ అఖ్బార్ల అన్ని నిజాలేనా? మొన్న వానలు పడ్తయన్నవు. ఏవి, పడ్డయా?"

వినడానికొచ్చిన పక్కింటి సమ్మమ్మ కిసుక్కున నవ్వింది. శకుంతల నవ్వలేదు. తల వంచుకుని పేజీ తిప్పింది. ఆ నవ్వకపోవడానికే అతనికి ఎక్కువ మండింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికొచ్చి, ఆడవాళ్లు నడుం వాల్చాక, కిటికీలో ఉన్న పత్రిక అందుకున్నాడు. తల్లిని తన దగ్గర్నుంచి లాక్కున్నదేమిటో చూడాలి, నాలుగు తప్పులు పట్టాలి. తప్పు పట్టాలన్నా ముందు చదవాలి కదా. కూడబలుక్కుంటూ ఒక్క పేరా దాటేసరికి దుకాణానికి వేళయింది. మర్నాడు మళ్లీ కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. ఏడాది తిరిగేసరికి ఆమె సాయంత్రం చదవబోయేది అతనికి మధ్యాహ్నమే తెలిసిపోయేది. చీకట్లో కూర్చుని వింటూ, ఇక్కడ నేనైతే ఇంకా గట్టిగా చదివేవాణ్ణి అనుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు.

మూడో ఏడు శకుంతల కాన్పుకు పుట్టింటికి పోతూ, "పత్రిక మాత్రం పంపుత అత్తమ్మా," అంది.

"పంపితే చదివేదెవలే?"

"నేను చదువుత," అన్నాడు వీరభద్రం. తల్లి వింతగా చూసింది. శకుంతల మాత్రం మూట సర్దుకుంటూ ఉండిపోయింది.

ఆ వారం అరుగు మీద అతను గొంతు సవరించుకున్నాడు. ఒక్క మాట తడబడకుండా చదివాడు. సగంలోనే సమ్మమ్మ "పొయ్యి మీద కూర మర్చిన" అని లేచిపోయింది. తల్లి చివరిదాకా ఓపిక పట్టి నిట్టూర్చింది.

"శకుంతల చదివితే ఆ పొల్ల మన ముంగట ఏడ్చినట్టుండె. నువ్వు చదువుతాంటే తాసిల్దారు హుకుం చదివినట్టున్నది బిడ్డా."

ఊళ్లో లేని మనిషి మీద కూడా అసూయ పడవచ్చునని ఆ సాయంత్రం అతనికి తెలిసింది.

ఆడపిల్ల పుట్టింది. చూడటానికి పోయిన పొద్దున, శకుంతల బిడ్డను ఒళ్లో వేసుకుని అడిగింది: "సీరియల్ ఎంతదాక వచ్చింది?"

"నాకేమెరుక? దుకాణంతోనే సరిపోతాంది."

"ఏందో! నేను ముందటి అట్ట పైకి పెట్టి పండుకుంట. లేచి చూస్తే ఎనుకటి అట్ట పైకుంటది. ఉర్దూ లెక్క కుడిదిక్కు నుంచి చదివే చెయ్యి మనింట్ల ఇంకెవలిది?"

వీరభద్రం చెవులు వేడెక్కాయి. "మరి అమ్మకెందుకు చెప్పలే?"

"చెప్తే మీరు చదువుడు బంద్ చేస్తరని."

కాసేపటికి అతనే తాసిల్దారు మాట బయటపెట్టాడు. శకుంతల పొట్ట పట్టుకుని నవ్వి, దిండు కింది నుంచి కొత్త పత్రిక తీసిచ్చింది. అతను చదవసాగాడు.

"జర ఆగుండ్రి. ఆ పొల్ల తలుపు కొట్టింది గదా? ముంగటేమైతదో మీకెరుకైతది గని, ఆ పొల్లకెరుకలేదు. తలుపు తీస్తరో తియ్యరో అన్నట్టు చదవాలె."

ఆ సాయంత్రం కాశిబుగ్గ అరుగు మీద, తలుపు కొట్టిన చోట వీరభద్రం ఆగాడు. చింతపండులో తల్లి చెయ్యి ఆగిపోయింది.

"తీసిండ్రా?"

చదవడం అయిపోయాక మొగిలమ్మ అడిగింది: "ఇయ్యాల మంచిగ చదివినవ్. ఎవలు నేర్పిండ్రు?"

'ఎవలు నేర్పుతరు, నేనే' అన్న మాట గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగాడు.

"నీ కోడలు."

"అట్లనా బిడ్డా!" అంది తల్లి. ఎన్నాళ్లకో విన్న మాట. అతను ఇంకా చెవినిండా వినకముందే ఆమె మళ్లీ అడిగింది: "నా కోడలెప్పుడొస్తది?"

ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. కానీ పొద్దున బయల్దేరేటప్పుడు, గడపలో నిలబడి, శకుంతలను తానూ అదే అడిగి వచ్చాడు.