అత్తయ్యగారి ఓటు

దీన్ని ఇన్నేళ్ళుగా నాలోనే ఉంచుకున్నాను. పంటి చిగుళ్ళో విరిగిపోయిన చేపముల్లులా ఉంటుంది. అన్నం తింటాను, నవ్వుతాను, పెళ్ళిళ్ళకి వెళ్తాను. నాలిక మాత్రం మళ్ళీ మళ్ళీ అక్కడికే పోతుంది.

మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మావారికి కూడా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది ఏలూరు శివారు. ఒకప్పుడు పెదపాడు వైపు వెళ్ళే దారిలో ఓ పల్లెటూరు. ఇప్పుడు ఊరెక్కడ అయిపోతుందో, టౌనెక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఒక పక్క ఇళ్ళ ప్లాట్లు, ఒక పక్క చేపల చెరువులు, మధ్యలో మిగిలిన కాస్త వరి. మా నియోజకవర్గం చరిత్రంతా అత్తయ్యగారికి నోటికొచ్చు. మొదట్లో వ్యవసాయం చేసేవాళ్ళు గెలిచేవారట. తర్వాత రైసు మిల్లుల వాళ్ళు, ఆ తర్వాత చెరువుల వాళ్ళు, ఇప్పుడు ప్లాట్లు వేసేవాళ్ళు. "పొలాలు ఏమయ్యాయో తిరిగి చూడక్కర్లేదు అమ్మాయ్, ఎవరు గెలిచారో చూస్తే చాలు" అనేవారు. పచ్చి బాలింతగా ఉన్నప్పుడు కూడా ఎడ్లబండి కట్టించుకుని వెళ్ళి ఓటేసి వచ్చిన మనిషి. మావయ్యగారు చెప్పిన గుర్తుకి ఒక్కసారీ వెయ్యలేదని నా చెవిలో చెప్పి మురిసిపోయేవారు.

నీటికాసులు వచ్చి ఆవిడ రెండు కళ్ళూ పోయాయి. అప్పట్నుంచి ఆవిడకి పేపరు చదివి వినిపించింది నేను కాదు. రత్నం.

రత్నం కొల్లేటి లంక నుంచి చేపలు తెచ్చి అమ్మేది. పదో తరగతి దాకా చదువుకుంది. బుట్ట దించి, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చుని రాజకీయాల పేజీ గట్టిగా చదివేది. మధ్యలో ఇద్దరూ ఎవరినో ఒకరిని ఏకి పారేసేవారు. అత్తయ్యగారి నవ్వు వంటింట్లో నాకు వినిపించేది. నేను గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేదాన్ని.

ఒక ఏడాది చేపల చెరువుల మురుగునీళ్ళు వాళ్ళ లంకలో మంచినీళ్ళ చెరువులోకి వచ్చేశాయి. పిల్లలకి ఒళ్ళంతా పుళ్ళు. రత్నం ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఎవరూ పట్టించుకోలేదు. అసెంబ్లీ ఎన్నికలొస్తే ఇండిపెండెంటుగా నిలబడింది. కుట్టుమిషను గుర్తు ఇచ్చారు. ఇంక కొత్త చెరువులు తవ్వనివ్వకూడదు, రత్నం మాట అదొక్కటే.

అదే ఏడు మాకు మిగిలిన చివరి చేను చెరువుగా తవ్వించాలని మావారు అనుమతి కోసం తిరుగుతున్నారు. మళ్ళీ నిలబడ్డ ఎమ్మెల్యేగారి మనుషులు, ఎన్నికలు కానివ్వండి, పనైపోతుందన్నారు. ఊరంతా పెద్ద పార్టీలు రెండింటి వెనకే. గెలవనని రత్నానికీ తెలుసు. పోలింగు ముందు వచ్చి, "పెద్దమ్మగారూ, మీ బూతులో నాకు ఒక్క ఓటు పడితే చాలండి. మీదే" అంది. అత్తయ్యగారు రత్నం చెయ్యి పట్టుకుని మాటిచ్చారు.

కళ్ళు లేనివాళ్ళకి తోడుగా ఒకరు వెళ్ళి మీట నొక్కచ్చు. నేను వెళ్ళాను. ఆవిడ చెప్పినట్టే వేస్తానని సంతకం కూడా పెట్టాను. "ఎంపీది నీ ఇష్టం అమ్మాయ్. ఎమ్మెల్యేది మాత్రం కుట్టుమిషను" అని నా మోచెయ్యి పట్టుకున్నారు.

కుట్టుమిషను కనిపిస్తూనే ఉంది. కిందనే ఉంది, ఎక్కడో దాక్కోలేదు. నా వేలు దాని దాకా వెళ్ళలేదు. పైనున్న ఎమ్మెల్యేగారి గుర్తు నొక్కాను. మిషను కూత వినిపించింది. అద్దం వెనక ఆ గుర్తున్న చీటీ కాసేపు కనిపించి కింద పడింది. నేను చూస్తూ నిలబడ్డాను. అత్తయ్యగారు చూడలేరు కదా.

"పడిందా?"

"పడిందండి."

ఎంత తృప్తిగా ఊపిరి తీసుకున్నారో.

ఎందుకు చేశాను? మావారు నన్నేమీ అడగలేదు. ఎవరూ బెదిరించలేదు. ఒక్క ఓటుతో మా చెరువు ఆగదని నాకు తెలుసు. తెలిసినప్పుడు ఆ ముసలావిడ కోరిక తీర్చడానికి నాకేం పోయింది? చాలా కాలం, చేను కోసమే అనుకున్నాను, అలా అనుకుంటే సంసారం కోసం చేసినట్టు ఉంటుందని. కాదు. ఆవిడకి నీళ్ళు పోసింది నేను, అన్నం కలిపి పెట్టింది నేను, రాత్రిళ్ళు లేచి బయటికి తీసుకెళ్ళింది నేను. రత్నం అడుగుల చప్పుడుకి వెలిగినట్టు, నా అడుగుల చప్పుడుకి ఆవిడ ముఖం ఎప్పుడూ వెలగలేదు. అదీ సంగతి. ఇంత చిన్న సంగతి.

అక్కడితో ఆగినా బాగుండేది.

ఫలితాలొచ్చాయి. ఎమ్మెల్యేగారే గెలిచారు. బూతులవారీ లెక్కలు కూడా బయటికొచ్చాయి. కొన్నాళ్ళకి రత్నం వచ్చింది. బుట్ట దించలేదు.

"పెద్దమ్మగారూ, మీ బూతులో నాకు సున్నా అండి."

అత్తయ్యగారు నవ్వారు. "సున్నా ఏంటే? నేను వేశానుగా."

"లెక్క చూశానండి. ఒక్కటీ లేదు."

"మిషన్లో ఏదో తేడా ఉంటుంది. అమ్మాయ్, ఇలా రా. నువ్వే నొక్కావుగా, దీనికి చెప్పు."

తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చాను. రత్నం నావైపే చూస్తోంది. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. అది గొంతు దాకా వచ్చింది కూడా.

"మీరు చెప్పిందే నొక్కానండి, అత్తయ్యగారూ."

"విన్నావా?" అన్నారు ఆవిడ రత్నంతో.

"కానీ మీరు... ఎమ్మెల్యేగారి గుర్తే చెప్పారండి. మర్చిపోయినట్టున్నారు."

అత్తయ్యగారి ముఖం నావైపు తిరిగింది. "నేనా? నేనలా అన్నానా?"

"అన్నారండి."

రత్నం బుట్ట సర్దుకుంది. "పోనీలెండి పెద్దమ్మగారూ. ఎవరి ఓటు వాళ్ళిష్టం" అని మెల్లగా అని వెళ్ళిపోయింది. మళ్ళీ మా వీధికి రాలేదు.

అత్తయ్యగారు నన్ను అనుమానించి ఉంటే నేను బతికిపోయేదాన్ని. ఆవిడ తనని తాను అనుమానించుకున్నారు. ఆ రోజు నుంచి ప్రతిదానికీ నన్నే అడిగేవారు. మందు వేసుకున్నానా అమ్మాయ్? ఇందాక నేనేమైనా తేడాగా మాట్లాడానా? పాత ఎన్నికల సంగతులు ఎవరైనా అడిగితే, నన్నడక్కండి, నాకు మతి సరిగా లేదు అనేవారు. మావారు భయపడి తాడేపల్లిగూడెంలో డాక్టరుకి చూపించారు. ఆయన ఏవేవో ప్రశ్నలు వేశారు. ఈవిడ అన్నింటికీ సరిగ్గా చెప్పారు. బాగానే ఉన్నారమ్మా అన్నారాయన. అత్తయ్యగారు డాక్టరుని నమ్మలేదు. నన్ను నమ్మారు.

తర్వాత ఎన్నికలకి వెళదాం రమ్మంటే, వద్దు, నా నోట ఏం వస్తుందో నాకే తెలీదు, అన్నారు. జీవితంలో ఆవిడ మానేసిన ఓటు అదొక్కటే. ఆ వానాకాలమే పోయారు. అరుగు మీద అడుగు చప్పుడైతే చివరి దాకా తల అటు తిప్పేవారు.

మా చెరువు మాత్రం బాగానే పండుతోంది.

ఆ మధ్య భీమడోలు బజార్లో రత్నం కనిపించింది. జుట్టు నెరిసిపోయింది. తనే పలకరించింది. పెద్దమ్మగారు పోయారని ఎవరో చెప్పారంది. "ఆవిడ మీద చాలా రోజులు కోపంగా ఉండేదండి. తర్వాత తెలిసింది, మతి తప్పిందటగా పాపం. ఏం చెప్పారో ఆవిడకే తెలీకుండా చెప్పి ఉంటారు" అంది.

చుట్టూ బజారు. ఎండ. మా ఇద్దరి మధ్యా మూరెడు దూరం. దేవుడు నాకింకో అవకాశం ఇచ్చాడని నాకు తెలుస్తూనే ఉంది.

"అవును రత్నం" అన్నాను.

బస్సెక్కి కూర్చున్నాను. దిగి వెనక్కి వెళ్ళచ్చు. వెళ్ళలేదు. రేపైనా వెళ్తానా? ఏమో. వెళ్తానని మీకు మాటివ్వలేను. నా మాటకి విలువెంతో మీరు చూశారుగా. క్షమించమని కూడా అడగను. క్షమించాల్సింది మీరు కాదు.

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఈ మాట ఎక్కడో ఒకచోట నిజంగా ఉండాలని రాస్తున్నాను. అత్తయ్యగారి మతి చివరి రోజు దాకా సరిగ్గానే ఉంది. ఆవిడ కుట్టుమిషను అనే చెప్పారు. స్పష్టంగా చెప్పారు. నేను విన్నాను.