నిప్పుకు గడి గీయలేదు

ఆ రోజుల్లో నేను చిన్నదాన్ని. అరవై ఒక్కటే. (ఇప్పుడు అరవై నాలుగు దాటి అయిదు నెలలు.) ఏ ఆపదకైనా ముందుగా నోటుపుస్తకంలో ఒక గడి గీసి, పైన దాని పేరు రాసిపెడితే అది బుద్ధిగా ఆ గడిలోనే కూర్చుంటుందని నమ్మే వయసు అది. దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో ఒక లేబర్ క్యాంపు మెస్సులో సామాన్ల గది నా చేతిలో ఉండేది. మూడువందల ఎనభై మందికి రోజుకు ఎంత బియ్యం నానాలో, ఎన్ని ఉల్లిపాయలు తరగాలో, రంజాన్ నెలలో అది ఎంత తగ్గుతుందో, జీతాల వారంలో ఎంత పెరుగుతుందో అన్నీ గడుల్లో ఉండేవి. పద్నాలుగేళ్ళలో అన్నం చాలకపోయిన రోజులు రెండు, ఆ రెండూ నేను జ్వరంతో పడుకున్నవి. అలాంటి మనిషికి గర్వం రాకుండా ఎలా ఉంటుంది?

అదే మెస్సులో రొట్టెల పెనం దగ్గర నెల్లూరు ఆపా ఉండేది. ఆపా అంటే అక్క. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, కాని క్యాంపులో అందరికీ ఆపా కాబట్టి నాకూ ఆపానే అయింది. ఆమె మాత్రం నన్ను అక్కా అనేది. అలా ఇద్దరం ఒకరికొకరు అక్కలమై ఒకే గదిలో పైమంచం, కిందమంచం మీద బతికాం. (కిందమంచం నాది. మోకాళ్ళు.) కరోనా వచ్చిన ఏడాది మే నెలలో ఆపాను ఆసుపత్రి బండి తీసుకుపోయింది. పదిహేడు రోజులు. ఫోను ఎత్తేవాళ్ళు లేరు, గేటు దాటనిచ్చేవాళ్ళు లేరు. పదకొండో రోజున నేను ఖాళీ పైమంచం కేసి చూస్తూ మొక్కుకున్నాను: ఆపా తిరిగి వస్తే, ఆమెను వెంటపెట్టుకుని ఈ సముద్రం నుంచి అవతలి సముద్రం దాకా, ఉమ్ అల్ క్వైన్ నుంచి ఖోర్ ఫక్కాన్ దాకా, బండి ఎక్కకుండా నడిచి వెళతాను అని. మా వైపు ఇలాంటి మొక్కులు మామూలే, కొండకు నడిచి వెళతామనో, గుడికి నడిచి వస్తామనో అంటారు. ఆ గదిలో ఇరువైపులా సముద్రాలే తట్టాయి నాకు. ఏ దేవుడికి మొక్కానో మాత్రం రాసుకోలేదు. నా జీవితంలో రాసుకోనిది అదొక్కటే.

ఆపా వచ్చింది, సగం మనిషై. మొక్కు సంగతి చెబితే పెనం మీది రొట్టె తిప్పడం మానేసి నా మొహం చూసింది. “మొక్కింది నువ్వు, నడవాల్సింది నేనా? అడగబళ్ళే నన్ను?”

“నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, ఎలా అడిగేది?”

“అయితే నన్ను బతికించింది ఇందుకా? చంపి నడిపించేదానికి?”

అన్నదే గాని ఆ రోజు నుంచి సాయంత్రాలు క్యాంపు గోడ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మొదటి చలికాలం సెలవు దొరకలేదు. రెండో చలికాలం వానలు పడి కొండల్లోని లోయలన్నీ మూసేశారు. మూడోది వచ్చేసరికి ఆపా ఒప్పందం ముగింపుకొచ్చింది. మార్చి మూడున ఆమె ఇంటికి వెళ్ళిపోతుంది, ఇక తిరిగి రాదు. అంటే ఆ ఫిబ్రవరి దాటితే మొక్కు తీరదు. తీరని మొక్కు ఎవరికి తగులుతుంది? మొక్కినవాళ్ళకు తగిలితే నేను భరిస్తాను. ఎవరి పేరున మొక్కామో వాళ్ళకు తగులుతుందని మా అమ్మ చెప్పేది. ఆపాకు ఇప్పటికీ మెట్లెక్కితే పిల్లికూతలు వచ్చేవి. ఈ భయం నేను ఆమెతో చెప్పలేదు. ఏకంగా ముదీర్ దగ్గరకు వెళ్ళాను.

మా ముదీర్, అంటే మేనేజరు, మంచివాడే గాని ఇద్దరికీ ఒకే వారం సెలవు అనగానే కుర్చీలో వెనక్కి వాలాడు. “మీరిద్దరూ పోతే మెస్ ఖలాస్ కదా అమ్మా” అన్నాడు. ఏడు రోజులకు, పూటపూటకూ వంటలు, కొలతలు రాసిన ఇరవై ఒక్క కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆయన మూడు చదివి సంతకం చేశాడు. ఫిబ్రవరి పన్నెండు నుంచి పద్దెనిమిది. ఆరు రోజులు నడక, ఏడో రోజు తిరుగు ప్రయాణం.

దారి చెప్పినవాడు సిద్దిపేట తమ్ముడు. నలభై అయిదేళ్ళ మనిషి, క్యాంపు పికప్ నడిపేవాడు, పన్నెండేళ్ళుగా ఆ కొండల్లో నీళ్ళు దింపిన అనుభవం. పెద్ద రోడ్డు మీద, సొరంగాల్లో కాలినడకన పోనివ్వరు కాబట్టి, ఫలజ్ అల్ ముఅల్లా మీదుగా ధైద్ చేరి, అక్కడి నుంచి పాత ఖర్జూర తోటలున్న లోయ పట్టుకుని పోవాలన్నాడు. లెక్క వేస్తే సరిగ్గా నూట ఎనిమిది కిలోమీటర్లు. రోజుకు పద్దెనిమిది. శేషం లేదు. (అంత చక్కగా భాగం తెగినప్పుడే అనుమానించి ఉండాల్సింది.) పుస్తకంలో గడులు గీశాను: వాన, ఎండ, ఇసుకగాలి, ఒంటెలు, కుక్కలు, బొబ్బలు, ఆపా. క్యాంపు గోదాములో పనివాళ్ళకిచ్చే ఇనుప ముక్కు బూట్లు రెండు జతలు అడిగి తెచ్చాను. తూచాను, ఒక్కొక్కటి ఆరువందల డెబ్భై గ్రాములు. ఆపా వాటిని చూసి “ఇవి ఏసుకుంటే నడవబళ్ళే అక్కా, యుద్ధానికి పోవాల” అంది.

ఫిబ్రవరి ఎనిమిదిన తమ్ముడు మెస్సు వెనక తలుపు దగ్గరికొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. అతను టోపీ తీశాడంటే మంచి కబురు కాదు.

“అక్కా, గా లోయల మంటలు లేసినయ్. రాస్తా బంద్ వెట్టిన్రు.”

“మంటలేంటి తమ్ముడూ, ఎడారిలో?”

“ఎవడో ఎండుమట్టలు కాలవెట్టిండు. గాలి జోరు మీదుండె. పాత తోటలు గదా, చూసేటోడు లేడు, ఒకదాని ఎనక ఒకటి అంటుకున్నయ్.”

ఇసుకా రాయీ తప్ప కాలడానికి గడ్డిపోచ లేని దేశంలో, నేను నడవాల్సిన ఆ ఒక్క పచ్చని లోయకే కార్చిచ్చు పట్టింది. పుస్తకం తీసి చూశాను. కుక్కలకు గడి ఉంది, నిప్పుకు లేదు. ఆ సాయంత్రం రెండో దారి వేశాను, పక్కనున్న చిన్న లోయ మీదుగా: నూట ఇరవై ఒకటి. రోజుకు ఇరవై, చివరి రోజు ఇరవై ఒకటి. తొమ్మిదిన తమ్ముడు మళ్ళీ టోపీ తీశాడు. చిన్న లోయలోంచి మంటలార్పే బళ్ళు పోతున్నాయట, అదీ మూశారు. మూడో దారి వేశాను, కొండను దక్షిణంగా చుట్టి: నూట ముప్ఫై రెండు, రోజుకు ఇరవై రెండు. పదిన ఆ దారి గుట్టల మీదుగా ఉందనీ, మేకలు కూడా దిగనంటాయనీ తేలింది. పదకొండున చిన్న లోయ తెరిచారన్నారు, రెండో దారికే తిరిగి వచ్చాను. నాలుగు రోజుల్లో పదహారు పేజీలు. ఇన్ని కొట్టివేతలు నా పుస్తకంలో అంతకుముందు ఎప్పుడూ లేవు. నేను పుస్తకం మీద తల పెట్టుకుని కూర్చుంటే ఆపా పైమంచం మీంచి వంగి, “అక్కా, నీ దేవుడికి ఖోర్ ఫక్కాన్ ఇష్టం లేదేమో. అజ్మాన్ దాకా పోదామా, దగ్గిర” అంది.

నాలుగు రోజులు బాగానే నడిచాం. బాగానే అంటే, బొబ్బలు నాకు తొమ్మిది, ఆపాకు మూడు. రాత్రికి తమ్ముడు పరుపులు, అన్నం తెచ్చి, తోటల్లోనో ఇళ్ళల్లోనో పనిచేసే మన ఆడవాళ్ళ గదుల్లో విడిది చూపించేవాడు. పొద్దున్నే నిన్న ఆగిన చోట సుద్దతో గీసిన గీత మీద కుడికాలు పెట్టి నడక మొదలుపెట్టేదాన్ని, అంగుళం కూడా పోకూడదని. అయిదో రోజు పన్నెండున్నర కిలోమీటర్లు నడిచాక, చిన్న లోయ మెడ దగ్గర దారికి అడ్డంగా ఎర్రచారల కడ్డీలు, వాటి ముందు ఒక పోలీసు జీపు. గాలి మళ్ళీ తిరిగిందట. ఎదురుగా కొండ సందులోంచి పొగ, తడి గోనెసంచి కాల్చినట్టు వాసన.

“రాస్తా బంద్, ఉమ్మీ” అన్నాడు పోలీసు మర్యాదగా. ఉమ్మీ అంటే అమ్మా అని. “ఆగ్ హై. యల్లా, గాడీ.” జీపులో ఎక్కితే పొగ చుట్టూ తిప్పి కొండ అవతల దింపుతాడట.

నేను పుస్తకం తెరిచి చూపించాను. వచ్చిన హిందీ అంతా కూడగట్టి, మొక్కు గురించి, రెండు సముద్రాల గురించి, మూడేళ్ళ గురించి చెప్పాను. అతను పుస్తకాన్ని నిజంగానే శ్రద్ధగా చూశాడు. ఒంటెల గడి దగ్గర నవ్వాడు. తర్వాత జీపు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఇక్కడే కూర్చుంటాను. ఆరాక నడుస్తాను” అన్నాను.

“ఎప్పుడారతది అక్కా?” అన్నాడు, అప్పుడే పికప్‌లో నీళ్ళు తెచ్చిన తమ్ముడు. “రెండొద్దులు పట్టొచ్చు, నాలుగొద్దులు పట్టొచ్చు. నీ సెలవు ఎల్లుండికి ఖతం.”

అప్పటికే నా వెనక పిల్లికూతలు మొదలయ్యాయి. తిరిగి చూస్తే ఆపా చున్నీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రాయి మీద కూర్చుంది, పెదవుల రంగు మారింది. “అక్కా, నా ఊపిరితిత్తులు ఒకసారి మూతబడుండాయి. ఇంకోసారి మూయించబాకు” అంది చాలా నెమ్మదిగా. ఎవరి ఊపిరి కోసం మొక్కానో ఆ ఊపిరిని కూర్చోబెట్టి పొగ తాగిస్తున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని జీపెక్కించాను. నేనూ ఎక్కాను. ఎక్కేముందు పోలీసును మీటరు అంకె అడిగి రాసుకున్నాను, దిగాకా రాసుకున్నాను. ఏడు పాయింట్ నాలుగు.

ఆ ఏడు పాయింట్ నాలుగులో నేను చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే ఒంటరిగా ఉన్నా సిగ్గేస్తుంది. జీపు కదలగానే కింద ఇనుప ముక్కు బూట్లతో కుడి, ఎడమ, కుడి, ఎడమ అని అడుగులు వేయడం మొదలుపెట్టాను. కూర్చునే. పోలీసు అద్దంలోంచి రెండుసార్లు చూసి, పాపం ఒంట్లో బాగాలేదనుకుని నీళ్ళ సీసా అందించాడు. తాగుతూ కూడా ఆపలేదు. ఆపా కిటికీ వైపు తిరిగి కూర్చుంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

ఆరో రోజు సాయంత్రానికి ఖోర్ ఫక్కాన్ సముద్రం కనిపించింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. ఆపా బూట్లు విప్పి, సల్వార్ పైకి పట్టుకుని, చీలమండల దాకా నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. నేను ఇసుకలోనే ఆగిపోయాను. మూడేళ్ళు కూడబెట్టిన మొక్కు, నూట పదమూడు పాయింట్ ఆరు దగ్గర ఆగిపోయింది. ఇంత దూరం వచ్చి, ఆపాను వట్టి చేతులతో ఇంటికి పంపుతున్నానని, ఆ పిల్లికూతలు ఇక నా లెక్కేనని అనిపించింది. ఆ రాత్రి అన్నం తినలేదు. (పులిహోర. నేను చెప్పిన కొలతతోనే చేశారు, అయినా.)

ఏడో రోజు పొద్దున్నే సముద్రపు ఒడ్డున నడిచే బాట ఈ చివర నిలబడ్డాను. దాని పొడవు అక్కడి పలక మీద రాసి ఉంది, పోయి వస్తే రెండు పాయింట్ తొమ్మిది. రెండున్నర సార్లు, పైన ఇంకొంచెం తిరిగితే జీపు ఎక్కిన దూరం తీరిపోతుంది. పదింటికి పికప్ బయల్దేరాలి. ఆపా వచ్చి పక్కన చేరింది. అప్పుడు చెప్పాను, తీరని మొక్కు ఎవరికి తగులుతుందని మా అమ్మ అనేదో. రెండో చుట్టు పూర్తయ్యాక ఆమె ఒక బెంచీ మీద కూర్చుండిపోయింది.

“ఎంతుండాది ఇంకా?”

“ఒకటి పాయింట్ ఆరు. నువ్వు కూర్చో ఆపా, నేను తిరిగొస్తా.”

“నువ్వూ కూర్చో.” నా కొంగు పట్టి లాగింది. “మొక్కు నా పేరునే గదా? నాకు తగిలేదేందో నేను చూసుకుంటా. ఆ కొంచెం నాకు ఉంచు. అంతా అయిపోతే నువ్వు ఇంక పుస్తకం మూసేస్తావు, నన్నూ దాంట్లోనే పెట్టి. మా ఊరికి వచ్చి నడువు. మాకూ సముద్రముండాది.”

“పొగ ఉండదు కదా?”

“జీపు కూడా ఉండదు,” అంది ఆపా. “ఆ పొద్దు జీపులో నీ కాళ్ళు చూసి నవ్వాపుకోలేక చచ్చినా. పొగకు గాదు.”

తమ్ముడు హారన్ కొట్టాడు. మార్చి మూడున ఆపా వెళ్ళిపోయింది. మెట్లెక్కితే పిల్లికూతలు ఇప్పటికీ వస్తాయట, చేపల బుట్ట ఎత్తితే రావట. నేను మరో రెండేళ్ళు ఆ మెస్సులో ఉండి మా గోదావరి ఒడ్డుకు వచ్చేశాను. ఆ ఒకటి పాయింట్ ఆరు నా పుస్తకంలో ఒక సంవత్సరం నుంచి మరో సంవత్సరానికి ఎక్కుతూనే ఉంది. పాల ప్యాకెట్టు తెచ్చుకునేప్పుడు రోజూ దానికంటే ఎక్కువే నడుస్తాను, కాని దానిలోంచి తీసివేయను. వచ్చే నెల పదకొండుకు నెల్లూరు రైలు టిక్కెట్టు తీశాను. నిన్న కొత్త పేజీ గీసి కూర్చున్నాను: వాన, ఎండ, కుక్కలు, బొబ్బలు, ఆపా. ఇసుక తీరంలో ఒకటిన్నర కిలోమీటరు నడకకు ఇదంతా ఎందుకని, జీపులో కూర్చుని అడుగులు వేసిన ఆ అరవై ఒక్కేళ్ళ పిల్ల గుర్తొచ్చి కాసేపు నవ్వుకున్నాను. తర్వాత పెన్ను తీసుకుని, చివర్లో ఇంకో గడి గీసి, పైన నిప్పు అని రాశాను.