నోట్లోకి తొంగిచూసే బాల్‌సింగ్

జఫర్‌గఢ్ పక్క తండాలో ఉండే బాల్‌సింగ్‌కు ఎవరైనా నమస్కారం పెడితే తిరిగి పెట్టడు. "జర నోరు తెరువు" అంటాడు. ముప్ఫై ఏళ్లు పశువుల అంగడిలో ఎడ్ల పండ్లు చూసి, వయసు చెప్పి, బేరాలు కుదిర్చిన మనిషి. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ చూపు మనుషుల మీదికి మళ్లింది. ఒకసారి పెళ్లిచూపులకు వచ్చిన పిల్లగాడి నోరు తెరిపించి, "ఇరవై ఎనిమిదన్నరు గని ముప్ఫై రెండుంటయి" అని తేల్చేశాడు. పక్కనే చాయ్ తాగుతున్న పిల్లగాడి తండ్రికి పొలమారింది.

ఎరువుల దుకాణం విద్యాసాగర్‌కు ఈయనంటే హడల్. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు ఊదే నోరు మరి.

"పటేలా, నీ చిగుళ్లు వదులైనయి. పొగ మానకుంటె పండ్లు రాల్తయి."

"నేనేమన్న ఎద్దునా కాకా?"

"ఎద్దయితె సిగరెట్ తాగదు."

నెల తిరక్కముందే విద్యాసాగర్ ముందుపన్ను మక్కకంకితో పాటు ఊడి వచ్చింది.

జనగామ పళ్ల డాక్టర్ సింధూజ దవడ ఎముకలో స్క్రూ బిగించి, దాని మీద పన్ను పెడతానంది. "కానీ పొగ తాగితే చిగుళ్లకు రక్తం సరిగ అందదు. గాయం మానదు, ఎముక స్క్రూను పట్టుకోదు. ఇప్పటి నుంచే మానెయ్యాలె. అతికినంక మళ్ల మొదలువెట్టినా అది వదులైతది."

అప్పటికే మూడుసార్లు మానబోయి ఓడిపోయిన విద్యాసాగర్ బిక్కమొహం వేశాడు.

సంగతి తెలిసిన మర్నాటి నుంచి, అతని చేతికి పొద్దుటి చాయ్ అందే వేళకల్లా బాల్‌సింగ్ దుకాణం ముందు ప్రత్యక్షం.

"నోరు తెరువు పటేలా."

యూరియా కోసం వచ్చిన రైతులంతా వంగి చూసేవారు. బాల్‌సింగ్ అతని గడ్డం పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, "చిగురు ఎర్రగైంది, మంచిగున్నది" అని చెప్పి, ఎప్పుడో కొన్న పొగరుబోతు ఎద్దు కథ ఎత్తుకునేవాడు. అది అర్ధగంటకు తక్కువ సాగేది కాదు. ఒకరోజు విద్యాసాగర్ గోదాములో దాక్కుని అగ్గిపుల్ల గీశాడు. ఆ చప్పుడుకే బస్తాల వెనక నుంచి "నోరు తెరువు" అని వినిపించింది.

స్క్రూ బిగించుకుని, తిట్టుకుంటూనే నాలుగు నెలలు గడిపాడు. సింధూజ ఎక్స్‌రే చూసి, "ఎముక గట్టిగ పట్టుకున్నది" అని కొత్త పన్ను బిగించింది.

ఆ పన్ను చూపిద్దామని తండాకు వెళ్తే బాల్‌సింగ్ ఇంట్లో లేడు. అతని భార్య ద్వాళి వాకిట్లో మిరపకాయల తొడిమెలు తీస్తోంది.

"ఆయనకేం జూపిస్తవు పటేలా? కండ్లల్ల పొరలు ముదిరి నాలుగు నెలలు దాటింది. పళ్లెంల అన్నమే సక్కగ కనవడ్తలేదు."

"మరి రోజూ నా నోట్లె ఏం జూసిండు?"

ద్వాళి నవ్వింది. "ఏం జూడలే. చాయ్ తాగంగనే నీ పాణం సిగరెట్ మీదికి గుంజుతదట. ఆ అర్ధగంట మాటల్ల వెడితె గండం దాటుతదని ఉరుకుతుండె. కండ్ల ఆపరేషన్‌కు పొమ్మంటె, పటేల్ పన్ను అతికినంకనే పోత అన్నడు."

విద్యాసాగర్ నోరు దానంతటదే తెరుచుకుంది.

మర్నాడు అతను దుకాణం తెరవలేదు. బాల్‌సింగ్‌ను కండ్ల దవాఖానకు తీసుకుపోదామని బండేసుకుని తండాకు వెళ్లాడు.

"నాకు కండ్లు మంచిగనే ఉన్నయి, దవాఖాన ఎందుకు?" అని గునుస్తూనే బయటికి వచ్చిన బాల్‌సింగ్, పక్కనే ఆగి ఉన్న పాలాయన బండెక్కి, అతని నడుం గట్టిగా పట్టుకున్నాడు.

"ఇగ పోనీ పటేలా" అన్నాడు.