మా అక్క పాటకు రేకు హారన్

మా అక్క గొంతు ఎక్కడా లేదు. మానుకోట చుట్టుపక్కల ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని చర్చి పండుగల్లో పాడిందో లెక్క లేదు గానీ, ఒక్క క్యాసెట్‌లో గానీ ఫోన్‌లో గానీ ఆ గొంతు నిలిచి లేదు. ఆమె పాడింది, జనం తిన్నారు, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మాది పెద్దవంగర దగ్గరి పల్లె. అక్క పాడేది, నేను కీబోర్డు వాయించేదాన్ని. ఆడపిల్లలు ఆర్కెస్ట్రా కట్టి ఊళ్లు తిరగడమేమిటని మూతులు తిప్పినవాళ్లే, తమ ఇంట్లో పెళ్లి కుదరగానే మా గుమ్మంలో నిలబడేవారు. తరువాత డీజేలు వచ్చాయి, మమ్మల్ని పిలవడం మానేశారు. మా కీబోర్డు ఒక వానలో తడిసి మూగబోయింది. నాకు భూపాలపల్లిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అక్క మిరపచేను చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయింది.

ఈమధ్య నేను పట్టుబట్టాను. అమ్మ పోయినప్పుడు అక్క సొంతంగా కట్టుకున్న పాట ఒకటుంది. దాన్నయినా రికార్డు చేద్దామన్నాను.

"మన కీబోర్డు ఉంటె పాడుత. లేకుంటె పాడ. గీ కొత్త వాయింపుల మీద నాకు గొంతు లేవదు," అంది అక్క.

"పాడైన కీబోర్డును యాడికెల్లి తేవాలె అక్కా?"

"నాకేమెరుక. సదువుకున్నదానివి నువ్వు."

పాత కీబోర్డుల ధ్వనులను కంప్యూటర్‌లోనే పుట్టించే సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు ఇప్పుడు ఉన్నాయి. ఒక్కో ధ్వనికి ముందే చేసి పెట్టిన అమరికను ప్యాచ్ అంటారు. ఏ దేశంలోనో పాత పాప్ పాటల పిచ్చి ఉన్నవాళ్లు ఓపికగా కూర్చుని అవి తయారుచేసి నెట్‌లో పెడతారు. వాళ్లు పెట్టే పేర్లు వేరు, మేము పిలుచుకున్న పేర్లు వేరు. మాకు ఒకటి ఏడుపు వయొలిన్, ఒకటి బారాత్ ట్రంపెట్, ఒకటి అప్పగింతల పియానో. అప్పగింతల పియానో అని వెతికితే నెట్‌కేం తెలుస్తుంది? ఒక్కొక్కటీ దించుకుని, ల్యాప్‌టాప్‌కు తగిలించిన చిన్న మీటల పలక మీద వాయించి చూడడమే. బడి విడిచాక అదే పని, శనివారం ఊరికి వచ్చే బస్సులోనూ చెవుల్లో అవే. మేడమ్‌కు ఈ వయసులో పిచ్చి పట్టిందని తోటి టీచర్లు నవ్వారు. పట్టింది, మీకేం నష్టం అన్నాను.

ఆదివారం వస్తే అక్క చెవులకు హెడ్‌ఫోన్ పెట్టేదాన్ని. కళ్లు మూసుకుని వినేది. "గిది కాదు," అనేది. మళ్లీ ఇంకోటి. అదీ కాదు.

చివరికి మా కీబోర్డు మోడల్ ధ్వనులనే ఎవరో యథాతథంగా తీసి పెట్టినవి దొరికాయి. మొదటి మీట నొక్కగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగున తెచ్చి వినిపిస్తే అక్క తల అడ్డంగా ఊపింది.

"దగ్గరికొచ్చింది గని, గది కాదు."

"అదే అక్కా. ఆ కీబోర్డు లోపటికెల్లే తీసిన్రు."

"అయితె నీ కంప్యూటర్‌తోనే పాడిపిచ్చుకో."

నీకు పాడబుద్ధి కాక సాకులు వెతుకుతున్నావని మీద పడ్డాను.

మరుసటి ఆదివారం వెనక వాడకట్టులో ఏదో ఫంక్షన్. గుంజకు కట్టిన రేకు హారన్‌లో పాత పాటలు మోగుతున్నాయి. అక్క మిరపకాయల తొడిమలు తీస్తోంది. చూస్తుండగానే ఆమె వేళ్లు మోకాలి మీద తాళం అందుకున్నాయి.

"గిట్ల ఉండాలె," అంది, గడ్డంతో హారన్ వైపు చూపిస్తూ.

తల బాదుకోవాలనిపించింది. మా కీబోర్డు అసలు ధ్వనిని మేమెన్నడూ వినలేదు. దానికి సొంత స్పీకరు లేదు. వైరు ఆంప్లిఫయర్‌లోకి, అక్కడి నుంచి హారన్‌లోకి. ఏం వాయించినా కింది స్వరాల బరువంతా పోయి, జలుబు చేసిన మనిషి పలికినట్టు, కాస్త గరగరగా వచ్చేది. అక్క అన్నేళ్లూ శ్రుతి పట్టుకున్నది ఆ గరగరలోంచే. ఎవరు ఎంత బాగా చేసిన ప్యాచ్‌లోనైనా కీబోర్డు ఉంటుంది గానీ, మా హారన్ ఎందుకుంటుంది?

మైకుసెట్టు ఆయన్ని అడిగి హారన్, ఆంప్లిఫయర్ తెచ్చి, పట్టపగలు మా వాకిట్లో కట్టాను. ల్యాప్‌టాప్ వైరు అందులో కలిపి, ఎదురుగా రికార్డింగ్ మైకు పెట్టి అప్పగింతల పియానో వాయించాను. దారిన పోయే అవ్వ ఆగింది.

"ఎవలి లగ్గం బిడ్డా?"

"లగ్గం లేదవ్వా. మా అక్క పాడుతాంది."

అక్క ఇంకా ఒప్పుకోలేదు, నేనే తెగించి అన్నాను. అక్క చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి మైకు ముందు నిలబడింది. అమ్మ పాట పల్లవి ఎత్తుకుంది. ఒక్క చోట కూడా తడుముకోలేదు. నేను ఏడుస్తూనే వాయించాను.

ఆ రికార్డింగును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, సరిచేయించడానికి ఇద్దరం జనగామలో ఒక స్టూడియోకు వెళ్లాం. దాని యజమాని కోస్తా నుంచి వచ్చినాయన. నెట్‌లో తనకున్న పాటల చానల్‌లో పెడతానని ముందే మాటిచ్చాడు. విని నవ్వాడు.

"గొంతు బాగుందండీ. ఈ రేకు సౌండేంటండీ, జాతర మైకులాగా? ఆవిడ చేత ఇక్కడ మళ్లీ పాడిద్దాం. నా దగ్గర మంచి ప్యాచ్‌లున్నాయి, నీటుగా వేసేస్తాను. ఇలాగైతే నా చానల్‌లో పెట్టలేనండీ."

సినిమాల్లో మా యాస వినబడగానే నవ్వే నవ్వు ఉంటుంది చూడండి, అచ్చం అదే. నేను నోరు తెరిచేలోపు అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. పట్నంలో నలుగురి ముందు నోరు విప్పని మనిషి, ఆమె మాట్లాడింది.

"అయ్యా, గా సప్పుడు మా లగ్గాలది. గది తీసేస్తె నేను పాడలేదన్నట్టె. మీరు పెట్టకున్నా మంచిదే. మా పాట మాకియ్యుండ్రి."

ఆయన పెన్‌డ్రైవ్ ఇచ్చేశాడు. జనగామ బస్టాండు బెంచీ మీద కూర్చుని, పెన్‌డ్రైవ్‌ను నా ఫోన్‌కే తగిలించి పాటను నెట్‌లో పెట్టాను. పాడినవారి పేరు దగ్గర ఆగి, ఏం రాయమంటావని అక్కను అడిగాను. అక్క తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా, పక్క బెంచీల వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.