మెట్టు దిగేదాకా పిలవకూడదు

తణుకులో మాది స్టీలు సామాన్ల కొట్టు. అక్షరాలకన్నా ముందు నాకు బేరం వచ్చింది. గిన్నె ధర విని మొహం ముడుచుకుని లేచిపోయే మనిషిని ఎప్పుడు వెనక్కి పిలవాలో మా నాన్నకి బాగా తెలుసు. "మెట్టు దిగేదాకా పిలవకు. వెళ్ళేవాడు ఎలాగూ నెమ్మదిగానే వెళ్తాడు," అనేవారు.

ఇంత విద్య చేతిలో ఉంచుకుని నేను పోయి ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్నయ్యాను. రాజమండ్రి దాటాక కాలవగట్టు పక్కన ఉంటుంది మా కాలేజీ. సివిల్ మూడో సంవత్సరం పిల్లలకి స్ట్రక్చర్స్ చెబుతాను. నేను బోర్డువైపు తిరిగేసరికి వెనక బెంచీలు నిద్రపోయేవి. వాళ్ళననడానికేం లేదు. ఒకసారి బీము గీస్తూ గీస్తూ నాకే ఆవలింత వచ్చింది. అందుకే ప్రిన్సిపాల్ గారిని బతిమాలి శనివారం ఆఖరి గంట ఆటకోసం పుచ్చుకున్నాను.

ఆటేమిటంటే, క్లాసుని నాలుగు టీములు చేస్తాను. చీపురుపుల్లలన్నీ ఒకళ్ళకి, దారం ఒకళ్ళకి, జిగురు ఒకళ్ళకి, అట్టముక్కలు ఒకళ్ళకి. రెండు బెంచీల మధ్య వంతెన కట్టాలి. అది భోజనం క్యారేజీని మోయాలి. ఎవరి సరుకుతో వాళ్ళకి వంతెన లేవదు కాబట్టి బేరమాడి మార్చుకోవాలి.

మొదటిసారి చూసి నా కడుపు రగిలిపోయింది. "తీసుకోండి, పర్లేదు," "అయ్యో, మరి మీకు సరిపోతాయాండీ?" అంటూ పెళ్ళివారి పంక్తిలో వడ్డించినట్టు పంచేసుకున్నారు. బేరమన్నది లేదు. ఊరుకోలేక పాఠం చెప్పాను. "కావాలని మొహంలో కనపడనివ్వకండి. సరుక్కి వంక పెట్టండి. తెగకపోతే లేచి వెళ్ళిపోండి, వాళ్ళే పిలుస్తారు." అక్కడితో ఆగితే బాగుండేది. నాన్న మాట కూడా చెప్పాను: ఎవరైనా వెళ్ళిపోతుంటే తొందరపడి పిలవకండి.

కొనేవాడి విద్య, అమ్మేవాడి విద్య ఒకే క్లాసుకి చెబితే ఏమవుతుందో తర్వాతి శనివారం తెలిసింది. సరిగ్గా ఆ రోజే ప్రిన్సిపాల్ గారు క్యారేజీ చేత్తో పట్టుకుని చూడ్డానికి వచ్చారు. గది ఖాళీగా ఉంది.

"క్లాసేదండీ?"

"వరండాలో ఉందండి."

నాలుగు టీములూ నాలుగు స్తంభాల దగ్గర నిలబడి, ఎటో చూస్తున్నాయి.

"ఏం చేస్తున్నారు?"

"అందరూ బేరం తెగక వచ్చేశారండి. అవతలివాళ్ళు పిలుస్తారని చూస్తున్నారు."

ఆయన నన్ను చూసిన చూపు మా కొట్లో సొట్టపడ్డ బిందెని చూసే చూపు. "వచ్చేవారం నుంచి ఈ గంటలో కూడా నోట్సు చెప్పండి," అని మెట్లవైపు నడిచారు.

పిల్లల మొహాలు పాలిపోయాయి. వారం మొత్తంలో వాళ్ళూ నేనూ మెలకువగా ఉండేది ఆ ఒక్క గంటే.

కానీ ఆయన నెమ్మదిగా నడుస్తున్నారు. నోటీసు బోర్డు దగ్గర ఆగి, ఎప్పుడో అయిపోయిన పరీక్షల టైంటేబుల్ శ్రద్ధగా చదివారు. ఆ నడక నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

"పిలవండి సార్," అంది దారం టీము లీడరమ్మాయి.

"ఆగమ్మా. మెట్టు దిగనీ."

ఆయన మెట్టు దిగారు. ఇంకోటి దిగారు. ఆగలేదు. బట్టతల కూడా కనపడకుండా పోతుంటే నాన్నా లేదు, సూత్రమూ లేదు, పరిగెత్తాను. "సార్! సార్!"

"చెప్పండి," అన్నారు, నాకోసమే ఆగినట్టు. "బెల్లు కొట్టేలోపు వంతెన నిలబడి నా క్యారేజీ మోసిందా, మీ గంట మీది."

ఆయన్ని వెంటబెట్టుకుని వెనక్కొచ్చి పిల్లలకి చెప్పాను. అయినా ఎవరూ స్తంభం వదల్లేదు. ముందు కదిలినవాడు లోకువైపోతాడని నేనే కదా చెప్పింది! చివరికి దారం అమ్మాయే పుల్లల టీము కుర్రాడి ముందుకెళ్ళి చెయ్యి చాపింది.

"ఒరేయ్, ఇవాళ ఇంకా ఒక్క బేరమూ తెగలేదు. ఇది బోణీ. కాదంటావా?"

వాడిది సామర్లకోటలో కిరాణా కొట్టు. పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని పోగొట్టుకునే ఇంట్లో పుట్టలేదు వాడు.

"బోణీ అన్నాక ఇంకేం అంటామే! తీస్కో," అని పుల్లల కట్ట చేతిలో పెట్టేశాడు. అంతే, జిగురు వచ్చింది, అట్టలు వచ్చాయి. నాలుగు టీములూ కలిసి ఒకటే వంతెన కట్టాయి. అది నడుం పట్టేసిన గేదెలా ఓ పక్కకి ఒరిగింది. ప్రిన్సిపాల్ గారు క్యారేజీ పెట్టారు. వంతెన మూలిగింది, కిందికి వంగింది, అక్కడే ఆగింది. బెల్లు కొట్టారు.

పిల్లలు అరుపులు మొదలెట్టారు. ఆయన తాపీగా క్యారేజీ తీసుకుని, "సరే. కానీ గంట ఎక్కువండీ. అరగంట ఆట, అరగంట నోట్సు," అన్నారు.

"మాటన్నారు కదండీ!"

"అన్నాను. వంకర వంతెనకని అన్లేదు."

దారం అమ్మాయి నా వెనక చేరి గొణిగింది. "వెళ్ళిపోండి సార్."

డస్టరు తీసుకుని నడిచాను. నోటీసు బోర్డు దగ్గర ఆగి అదే టైంటేబుల్ నేనూ చదివాను. మెట్టు మీద కాలు పెట్టాను. ఎవరూ పిలవలేదు. రెండో మెట్టు దిగుతుంటే చెమట పట్టింది.

"ఏవండీ," అన్నారు పైనుంచి. "ముప్పావుగంట."

"అలాగేనండి," అన్నాను, గొంతులో ఆత్రం వినపడకుండా.

కిందికి దిగొచ్చి నా పక్కన నడుస్తూ అడిగారు, "ఏ కొట్టండీ మీది?"

"స్టీలు సామాన్లండి. మరి మీది?"

"బట్టలు."

ముందే అడగాల్సింది. కొట్లో ఉన్న చీరలన్నీ విప్పించుకుని, ఒక్కటీ కొనకుండా వెళ్ళేవాళ్ళకి కూడా మళ్ళీ రమ్మని చెప్పే జాతి అది. వాళ్ళ దగ్గర ముప్పావుగంట దక్కడమే గొప్ప.