పాసైన ఒక్క ఇంజక్షన్

నేను కట్లు కట్టే నర్సుగా ఉన్న ఆసుపత్రికి జాలరిపేట నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. కాలి నరాలు ఉబ్బి, చీలమండ పైన పుండు పడింది. రెండేళ్లయినా మానలేదు.

మొదటిరోజు కట్టు విప్పితే పచ్చటి చీము, భరించలేని వాసన. నేను మొహం తిప్పుకోవడం చూసి ఆవిడే నన్ను ఓదార్చింది.

"సేపలోళ్ల కాలు కదా సిస్టరమ్మా, మల్లెపూల వాసనేటొత్తాది?"

మందులేం వాడావని అడిగాను.

"షాపోడు ఎర్ర గోలీలిచ్చాడు. రెండ్రోజులు మింగీసరికి నొప్పి తగ్గింది, మానీసాను. మిగిలినియ్యి మా ఆడపడుచు పన్ను నొప్పికిచ్చీసాను. మల్లీ సీము పడితే ఇంకో రంగు గోలీలు."

చీము పరీక్షకు పంపాం. అలా అరకొరగా మింగినందుకే క్రిమి రాటుదేలిందని, ఇప్పుడు దాదాపు ఏ మందుకూ లొంగడం లేదని డాక్టరుగారు రిపోర్టు చూపించి చెప్పారు.

"అన్నీ ఫెయిలేనా బాబూ? ఒక్కటీ పాసవ్వలేదేటి?"

"ఒక్క ఇంజక్షన్ పాసైంది."

"మా ఆయన కన్నా నయం. ఆడు దేన్లోనూ పాసవ్వలేదు."

పదిరోజులు తప్పకుండా వచ్చి ఇంజక్షన్లు చేయించుకుంది. చీము తగ్గింది. కానీ పుండు మూసుకోవాలంటే మోకాలి దాకా బిగుతుగా కట్టు కట్టుకుని, కాలు ఎత్తులో పెట్టుకుని కూర్చోవాలి. అక్కడొచ్చింది తగువు.

"నాను కాలెత్తుకుని కూకుంటే సేపలెవులమ్ముతారు? నువ్వమ్ముతావా?"

"అమ్ముతాను," అన్నాను ఉక్రోషంగా.

ఆదివారం నిజంగానే రేవుకి వెళ్లాను. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఐసుపెట్టె మీద కాలు చాపి మహారాణిలా ఉంది. మాది గోదావరి వైపు, సముద్రపు చేపలు నాకేం తెలుసు? కానాగంత చేపల్ని చూపించి కవళ్లు అన్నాను. పక్కనున్న చేపలావిడ పగలబడి నవ్వింది.

"ఎవులప్పా, కొత్త కోడలా?"

"మా సిస్టరమ్మ. సూది బాగా ఏత్తాది గానీ సేపలే తెల్దు."

మధ్యాహ్నానికి నన్ను పంపేసింది. కాలు మాత్రం దించలేదు. మర్నాటి నుంచీ అలాగే కూర్చుని అమ్మిందట.

నాలుగో నెలకి పుండు మూసుకుంది. ఆవిడ లేత చర్మాన్ని వేలితో మళ్లీ మళ్లీ తడుముకుంది. మళ్లీ పుండు పడకుండా ఇక రోజూ బిగుతు మేజోడు వేసుకోవాలని చెప్పాను.

"సేపల రేవులో మేజోడా? నలుగురూ నవ్వరేటి?" అంటూ కొత్త తగువుకి కుర్చీ దగ్గరకి లాక్కుంది.